నా ఆర్డరు వినని ముప్పై మంది సిపాయిలు

కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న పిల్లలు పొద్దున పరుగు అయిపోయాక, చెమటలు తుడుచుకుంటూ నా చుట్టూ కూర్చుంటారు. "సార్, మీ సర్వీసుల మర్చిపోలేని రోజు ఏది?" అని అడుగుతారు. ఏ కాల్పుల సంగతో, ఏ పెద్ద మనిషి బందోబస్తో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పే రోజు వేరు. అది నేను రిటైరైన మూడో ఏట వచ్చింది. ఆ రోజు నా ఒంటి మీద ఖాకీ లేదు. నా ఎదుట నిలబడ్డ ముప్పై మందీ ఎర్రకోట్లు తొడుక్కుని, నెత్తిన నల్లటి ఎత్తు టోపీలు పెట్టుకుని, ఇంగ్లీషు కంపెనీ సిపాయిల వేషంలో ఉన్నారు. సగం మంది మీసాలకు రంగు వేసి ఉంది. వాళ్ళలో ఒక్కడు కూడా నా ఆర్డరు వినలేదు. అంత గర్వం నాకు ఉద్యోగంలో ఎన్నడూ కలగలేదు.

ఎందుకో చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి.

నేను సాయుధ రిజర్వు పోలీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. సగానికి పైగా కాలం డ్రిల్లు నేర్పడంలోనే గడిచింది. కవాతులో నిలబెట్టడం, నడిపించడం, తుపాకి ఎత్తించడం, దించించడం. ఆ పనికి కావలసింది గొంతు. నాకు అది పుష్కలంగా ఉంది. రిటైరయ్యాక ఎల్‌.బి.నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. ఖాళీగా కూర్చోలేక దగ్గరలోని ఒక బడి మైదానంలో, చైతన్యపురి హాస్టళ్ళ నుంచి వచ్చే పిల్లలకు పరుగు, కవాతు నేర్పడం మొదలుపెట్టాను. ఎక్కువమంది మా నల్లగొండ వైపు పల్లెల వాళ్ళే. పొద్దున నా దగ్గర ఉరుకుతారు, పగలంతా కోచింగ్ సెంటర్లో చదువుకుంటారు.

ఒకరోజు ఆ మైదానానికి సినిమా వాళ్ళు వచ్చారు. ప్రొడక్షన్ మేనేజరు విజయవాడ వైపు మనిషి. చేతిలో రెండు ఫోన్లు, రెండింటిలోనూ ఎవరితోనో తగాదా. ఆయన వెంట వచ్చిన ముప్పై ఏళ్ళ అమ్మాయిని చూసి ఆయన సహాయకురాలనుకున్నాను. ఆమే డైరెక్టరు. అది నా మొదటి పొరపాటు. కుర్చీ ఆయనకు వేసి, ఆమెను నిలబెట్టాను.

ఆమె ఏమీ అనుకోలేదు. నిలబడే కథ చెప్పింది. కంపెనీ పాలన కాలం. తిండి లేక మన పల్లెల నుంచి సిపాయిలుగా చేరిన తెలుగువాళ్ళు. వాళ్ళు దొర ఉప్పు తింటున్నారు, దొర ఇచ్చిన తుపాకి మోస్తున్నారు. కరువు ఏట వాళ్ళ సొంత తాలూకాకే వాళ్ళను పంపుతారు, ఊరివాళ్ళ ధాన్యం కొట్టు స్వాధీనం చేసుకురమ్మని. ఊరు అడ్డం నిలబడుతుంది. దొర కాల్చమంటాడు.

"వాళ్ళు కాల్చరండీ. అదే నా సినిమా" అంది. "కానీ అంతకుముందు వాళ్ళు నిజమైన సైనికుల్లా కనపడాలి. నడుస్తుంటే నేల అదరాలి. జూనియర్ ఆర్టిస్టులకి ఆ నడక రావట్లేదు మాస్టారూ. మీ పిల్లలకి వచ్చు. ఇందాకటి నుంచీ గేటు బయట నిలబడి చూశాను."

ఒప్పుకున్నాను. పిల్లలు ఎగిరి గంతేశారు. ఆరు వారాలు చెక్క తుపాకులతో పాతకాలపు కవాతు నేర్పాను. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి స్టూడియోలో వేసిన కోట సెట్టులో వాళ్ళ మీద రెండు రోజులు దూరపు షాట్లు తీశారు. అసలైన ఘట్టం, ఊరి మీద తుపాకులు ఎక్కుపెట్టేది, నెలాఖరుకు పెట్టుకున్నారు. ముప్పై మందినీ మూడు రోజులు పంపిస్తానని మేనేజరుకు మాటిచ్చాను.

ఇంతలో పిల్లల ఈవెంట్స్ తేదీలు వచ్చాయి. పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు, దూకడం, గుండు విసరడం పరీక్షలను వాళ్ళు ఈవెంట్స్ అంటారు. సరిగ్గా ఆ మూడు రోజులే పడ్డాయి.

ఇక్కడ నా రెండో పొరపాటు ఒప్పుకోవాలి. ఆ సంగతి తెలిసి కూడా నాలుగు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. షూటింగైనా వాయిదా పడకపోతుందా, పరీక్షైనా మారకపోతుందా అని చూస్తూ కూర్చున్నాను. ఐదో రోజు పిల్లలే వచ్చారు. వాళ్ళ తరఫున మాట్లాడింది మునుగోడు వైపు కుర్రాడు. వాళ్ళ నాన్న లారీ క్లీనరు. రెండుసార్లు కొద్దిలో ఉద్యోగం తప్పిపోయినవాడు.

"సార్, మీరు మాటిచ్చిన్రంట గదా. మేం మాట్లాడుకున్నం. మీరు ఉండుమంటె ఉంటం. ఈవెంట్స్ మల్లొచ్చే నోటిఫికేషన్‌కు జూసుకుంటం."

వాడు సావధాన్‌లో నిలబడి చెప్పాడు. వెనక ఇరవై తొమ్మిది మంది కూడా అట్లాగే నిలబడ్డారు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు సంతోషమే వేసింది. నా మాటంటే ఇంత విలువా అని. మరుక్షణం భయమేసింది. ఒక్క మాట "ఉండున్రి" అంటే చాలు, ముప్పై ఇళ్ళలో అన్నం ముద్ద వెనక్కి పోతుంది. నేను చెప్పానన్న ఒకే ఒక్క కారణంతో వాళ్ళు దాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. అట్లా తయారుచేసింది నేనే.

"దిమాక్ ఖరాబైందారా మీకు?" అని అరిచాను. "ఎవ్వడన్న ఆ మూడు రోజులల్ల షూటింగ్ కాడ కనవడితె కాళ్ళిరగ్గొడ్త. పోయి ఉరుకున్రి."

ఉరికారు. నేను మేనేజరు దగ్గరికి పోయాను.

"ఏవండీ, ఇప్పుడా చెప్పేది?" అన్నాడాయన. "ఊరి సెట్టు వేసేశాం. రెండొందల మంది జనానికి చెప్పేశాం. పోలీసోళ్ళు కదా, మాట మీదుంటారనుకున్నాను."

ఆ చివరి మాట నాకు తగిలింది. "మీకు కవాతు తెలిసిన ముప్పై మంది సిపాయిలు గావాలె. అంతే గదా? ఒస్తరు" అన్నాను. ఎక్కడి నుంచి వస్తారో అప్పటికి నాకూ తెలియదు.

ఇంటికి వచ్చే దారిలో తట్టింది. మా రిటైరైన వాళ్ళకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. పొద్దున లేస్తే పూల బొమ్మలు, సాయంత్రమైతే మోకాళ్ళకు మందులు. అందులో పెట్టాను: "పాత కంపెనీ మళ్ళీ ఫాలిన్ కావాలె, వరుస కట్టాలె. ఎల్లుండి పొద్దున ఆరు గంటలకు, ఎల్‌.బి.నగర్ గ్రౌండ్." ఏమిటి, ఎందుకు అని ఒక్కడూ అడగలేదు. ఇరవై తొమ్మిది మంది వచ్చారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి, హయత్‌నగర్ నుంచి, తుర్కయంజాల్ నుంచి. ఒకడికి మోకాలి ఆపరేషను అయింది. ఇద్దరు వైద్యుడు వద్దన్నా వచ్చామని గొప్పగా చెప్పుకున్నారు. పొట్టలు ముందుకు, వెన్నులు మాత్రం నిటారు.

ముప్పయ్యోవాడు ఆఖరున సిటీ బస్సు దిగి నడిచి వచ్చాడు. నా బ్యాచ్‌మేటు. ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం, ఒకే బ్యారక్‌లో పడుకున్నాం. చైతన్యపురిలో ఉంటాడు. గ్రూపులో అతను లేడు. విడిగా ఫోన్ చేద్దామని నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను.

"అందర్ని పిలిచినవంట. నన్ను మర్చిపోయినవా?" అన్నాడు నవ్వుతూ.

"లేదు లేదు, చేద్దామనుకుంటున్న" అన్నాను. అతను వెళ్ళి వరుసలో ఏడోవాడిగా నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం డైరెక్టరు వచ్చి వాళ్ళను చూసింది. మేనేజరు ముఖం పాలిపోయింది. "ఏంటండీ ఇది, తాతల సంఘమా?" అన్నాడు. ఆమె మాత్రం వరుస వెంట ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, ఒక్కొక్క ముఖం చూసి వచ్చింది.

"మాస్టారూ, ఆ రోజుల్లో కంపెనీ సిపాయిలకి కూడా పింఛను ఉండేది. వీళ్ళు పింఛనుకి దగ్గరపడ్డ సిపాయిలు. ఆర్డరు వినకపోతే అది పోతుంది. కుర్రాళ్ళకంటే వీళ్ళు పోగొట్టుకునేదే ఎక్కువ" అంది. "వీళ్ళే కావాలి."

దర్జీ ఎర్రకోట్లకు పక్కన కుట్లు విప్పి గుడ్డ కలిపాడు. నా కంపెనీ తయారైంది.

షూటింగు రోజు పొద్దున కంపెనీ ఊళ్ళోకి నడిచే ఘట్టం తీశారు. ఆ నడక మీరు చూడాల్సింది. ముప్పై జతల బూట్లు ఒకే దెబ్బగా నేలను తాకుతుంటే, లైట్ల వాళ్ళు నిచ్చెనల మీద నుంచి దిగి వచ్చి చూశారు. మోకాలి ఆపరేషనువాడు కూడా అంగుళం తప్పలేదు. షాట్ అయిపోగానే యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. మేనేజరు తానే వచ్చి అందరికీ మజ్జిగ పోయించాడు. మా వాళ్ళు ఉబ్బిపోయారు. నేను వాళ్ళకంటే ఎక్కువ ఉబ్బిపోయాను.

తర్వాత అసలు ఘట్టం. ధాన్యం కొట్టు ముందు ఊరి జనం నిలబడ్డారు. వాళ్ళు నటులు కారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన కూలి మనుషులు, ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళకు ఇరవై అడుగుల దూరంలో మా వరుస. సిపాయి వేషం వేసిన హీరో మీద తీయాల్సినవి ముందురోజే తీసేశారు. ఇప్పుడు మిగిలిన సిపాయిల వంతు. దొర "ప్రెజెంట్" అనగానే తుపాకులు భుజానికి ఎత్తి గురి పెట్టాలి. "ఫైర్" అన్నప్పుడు కాల్చకూడదు. ఒక్కొక్కరుగా దించాలి. తుపాకుల్లో మందు లేదు, నొక్కితే ట్రిగ్గరు టక్కుమంటుందంతే.

దొర వేషం వేసిన కుర్రవాడు చదువు కోసం మన దేశానికి వచ్చినవాడు. చూడ్డానికి దొరే, గొంతు మాత్రం పిల్లనగ్రోవి. ఆ గొంతును తర్వాత మార్చుకుంటామని, ప్రస్తుతానికి కెమెరా వెనక నుంచి ఆర్డరు నన్ను ఇవ్వమన్నారు.

"ప్రెజెంట్!" అన్నాను. ముప్పై తుపాకులు లేచాయి.

"ఫైర్!"

టక్కుమని ముప్పై ట్రిగ్గర్లు ఒకే చప్పుడుగా పడ్డాయి. భుజాలు కూడా నిజంగా దెబ్బ తగిలినట్టు వెనక్కి ఊగాయి.

"కట్! కట్! ఎందుకు కాల్చారు?"

మా వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఏమో మేడమ్, సార్ గొంతు ఇనవడంగనె ఏలు అదే పోయింది" అన్నాడొకడు. జనంలో ఆడవాళ్ళు పైటలు అడ్డం పెట్టుకుని నవ్వారు. రెండో టేకులోనూ సగం మంది కాల్చారు. మిగతా సగం కాల్చబోయి ఆగి, తడబడి, ఒకడి టోపీ కిందపడింది.

ఇక నా గొంతు వద్దని దొర కుర్రవాడినే ఆర్డరివ్వమన్నారు. ఈసారి ఎవరూ కాల్చలేదు. ముప్పై తుపాకులూ ఒకేసారి, ఒకే వేగంతో, ఆగస్టు పదిహేను పరేడ్‌లో దించినట్టు దిగాయి. నేను చప్పట్లు కొట్టబోయాను. డైరెక్టరు తల పట్టుకుంది.

"బాగా దించుతున్నారండీ. అదే సమస్య. ఇది కూడా ఆర్డరు ప్రకారం దించినట్టే ఉంది. ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి."

దానికీ నా దగ్గర ఉపాయం ఉందన్నాను. అంకెలు లెక్కపెట్టి చెప్పాను. ఒకటి అనుకోగానే మొదటివాడు, మూడు అనుకోగానే పన్నెండోవాడు, ఐదుకు ఇరవయ్యోవాడు. అచ్చం అట్లాగే చేశారు. గడియారంలో ముల్లు కదిలినట్టుంది. ఆమె నవ్వాపుకోలేక, "మాస్టారూ, మీరు తిరుగుబాటుక్కూడా డ్రిల్లు చేయిస్తున్నారు" అంది.

అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. కోపం వచ్చింది, సిగ్గూ వచ్చింది. జీవితమంతా ఒక్క పని నేర్పాను. దానికి ఎదురు పని నాకు తెలియదు, నేర్పడం రాదు.

తీసినవన్నీ మానిటర్‌లో మళ్ళీ చూస్తూ ఆమె నన్ను పిలిచింది. "ఎడమ నుంచి ఏడో ఆయన్ని చూడండి. మొదటి రెండు టేకుల్లోనూ ఆయనొక్కరే సరిగ్గా చేశారు. మొదటి టేకులో అందరూ కాల్చారనుకున్నాం కదా, ఆయన కాల్చలేదు. నెమ్మదిగా దించేశారు. ఆయనకి ఎవరు నేర్పారు?"

నేను చూశాను. నా బ్యాచ్‌మేటు. ముప్పై ట్రిగ్గర్లు పడ్డాయనుకున్నది నా పొరపాటు. పడ్డవి ఇరవై తొమ్మిదే.

అతనికి ఎవరూ నేర్పలేదు. పాతికేళ్ళ కిందట, అప్పుడు మేం పనిచేస్తున్న జిల్లాలో, ఆడవాళ్ళు మంచినీళ్ళ కోసం ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు. నేను అప్పటికే హెడ్ కానిస్టేబుల్. నా కింద పది మంది, అందులో అతనొకడు. రోడ్డు ఖాళీ చేయించమని పై అధికారి నుంచి ఆర్డరు వచ్చింది. నేను అరిచాను. తొమ్మిది లాఠీలు లేచాయి, నాది కూడా లేచింది. అతను లాఠీ కిందికి పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నా లాఠీ ఎవరికి తగిలిందో నేను చూడలేదు. ముఖం చూడవద్దనే మాకు నేర్పారు, నేనూ అదే నేర్పాను.

సాయంత్రం నేను రిపోర్టు రాయాలి. తోటివాళ్ళు బతిమాలారు. "రాయి తగిలి కింద పడ్డడని రాయి అన్నా, ఏం పోతది?" అన్నారు. నేను రాయలేదు. ఆర్డరు ఇచ్చినప్పటికీ లాఠీ ఎత్తలేదని ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. అతన్ని సస్పెండ్ చేశారు. ఇంక్రిమెంట్లు ఆపేశారు. హెడ్ కానిస్టేబుల్ పట్టీలు అతనికి రిటైర్మెంటు ముందు వచ్చాయి. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఒకే యూనిట్లో ఉన్నాం. ఎదురుపడితే నమస్తే అనేవాడు. నేను కూడా అనేవాణ్ణి. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

భోజనాల విరామంలో అతని దగ్గరికి వెళ్ళాను. కుర్చీలో కూర్చుని బూట్ల దారాలు వదులు చేసుకుంటున్నాడు.

"జర వీళ్ళకు చెప్పు" అన్నాను. "ఎట్ల దించాల్నో. నాకు ఒస్తలేదు."

అతను దారాలు వదిలి తలెత్తాడు. "నేర్పెటందుకు ఏమున్నది? నాకేం ధైర్యం లేకుండె. ఆ రోజు నా ముందట కూసున్నామె బిందెకు చిల్లులు వడితె రెండు మాట్లేసి ఉండె. మా ఇంట్ల బిందెకు గూడ గట్లనే రెండు మాట్లు. దాన్నే చూస్తున్న. నువ్వు అరిచింది ఇనవడ్డది, కానీ చెయ్యి లేవలే."

ఆ ఆర్డరు ఇచ్చిన గొంతు నాదేనని అంత మామూలుగా అనేశాడు.

అతనే లేచి మా వాళ్ళను పిలిచాడు. "వాళ్ళను జనం లెక్క చూడకున్రి. ఒక్కొక్కలు ఒక్కొక్కర్ని వట్టుకోన్రి. మొత్తం మనిషిని గూడ చూడకున్రి. చెయ్యో, గాజో, చెప్పో, ఏదన్న ఒక్కటి చూడున్రి. ఇప్పుడు పోయి వాళ్ళతోటి కూసొని తినున్రి."

సిపాయిలకు వేరుగా వడ్డిస్తున్నారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "కోట్లకి పులుసు పడుతుందండీ! ఉన్నవి ముప్పై కోట్లే" అని మొత్తుకున్నాడు. డైరెక్టరు అతన్ని ఆపి, వాళ్ళ మెడలకు తువ్వాళ్ళు కట్టించింది. ఎర్రకోట్ల మీద తెల్ల తువ్వాళ్ళు కట్టుకుని మా వాళ్ళు ఊరి జనం మధ్య నేల మీద కూర్చున్నారు. మొదట మొహమాటం. తర్వాత ఊళ్ళ పేర్లు, చుట్టరికాలు, ఎవరి బిడ్డను ఎక్కడ ఇచ్చారు, ఎవరి భూమి ఎంతకు పోయింది. ఇద్దరికి దూరపు బంధుత్వం కూడా తేలింది. మా అందరిలోకీ గురి తప్పని షూటరు ఒకడున్నాడు, కంపెనీలో అతి కఠినమైనవాడు. అతను ఒక ముసలామె పక్కన కూర్చుని ఆమె కంచంలో ఎముకలు ఏరి పక్కన పెడుతున్నాడు. ఆమెకు పళ్ళు లేవు.

భోజనాలయ్యాక డైరెక్టరు నాతో, "ఆర్డరు మీరే ఇవ్వండి" అంది.

"నేను ఇస్తె మల్ల కాలుస్తరమ్మా."

"ఇవ్వండి. వాళ్ళు కాదనాల్సింది ఆ గొంతునే."

అన్నీ సిద్ధం చేసుకున్నారు. నేను కెమెరా వెనక నిలబడ్డాను. ఇన్నేళ్ళలో ఎన్ని వేలసార్లు ఇచ్చానో ఆ ఆర్డరు.

"ప్రెజెంట్!"

తుపాకులు లేచాయి. ఎదురుగా ఆడవాళ్ళు కదలలేదు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

"ఫైర్!"

చప్పుడు లేదు. ఏడోవాడు తుపాకి దించాడు. అటు తర్వాత వరుస ఆ చివర ఒకడు. చాలాసేపు ఇంకెవరూ దించలేదు. మళ్ళీ మధ్యలో ఒకడు, దించబోయి ఆగి, మళ్ళీ దించాడు.

"ఫైర్!" అన్నాను, గొంతు పెంచి. నేను నటించలేదు. ఆర్డరు వినకపోతే గొంతు దానంతటదే పెరుగుతుంది. ముగ్గురు నలుగురు ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు, వేళ్ళు బిగిసినట్టు కనిపించింది. కాల్చలేదు. ఒక్కొక్క తుపాకీ దిగింది. ఒకడు కళ్ళు మూసుకుని దించాడు. ఒకడు పళ్ళు బిగబట్టి, బరువు మోస్తున్నట్టు దించాడు. ఏ ఇద్దరిదీ ఒక్క తీరుగా లేదు. ముప్పై నాలుగేళ్ళలో అంత వంకరటింకర వరుస నా ఎదుట ఎన్నడూ నిలబడలేదు.

మిగిలింది మా షూటరు ఒక్కడే. అతని ఎదుట ఆ పళ్ళు లేని ముసలామె. తుపాకి ఆమె గుండెకు సూటిగా ఉంది. మూడోసారి "ఫైర్" అన్నాను. నా గొంతు చీలిపోయింది. ముసలామె, ఎవరూ చెప్పకుండానే, పైట చెంగుతో నోరు మూసుకుంది. అతను తుపాకి దించాడు. దించి, దాన్ని నేల మీద పెట్టేశాడు. అది కథలో లేదు.

డైరెక్టరు చాలాసేపు "కట్" అనలేదు. అన్నప్పుడు కూడా నెమ్మదిగా అంది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేనేజరు ఫోను మోగుతున్నా తీయలేదు. నేను వరుస దగ్గరికి నడిచి వెళ్ళి ఏదో అనబోయాను. ఏం ఆర్డరివ్వాలో తెలియక, "కంపెనీ... శాబాష్" అన్నాను.

మా పిల్లలు అదే మూడు రోజుల్లో పరుగెత్తారు. చాలామంది గట్టెక్కారు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. రాని వాళ్ళు ఇప్పటికీ నా దగ్గరే ఉరుకుతున్నారు, వాళ్ళకూ వస్తుంది.

సినిమా మరుసటి ఏడాది విడుదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక థియేటర్‌లో రెండు వరుసలు మేమే నింపాం, పెళ్ళాం పిల్లలతో సహా. మా ఘట్టం టీ తాగి గ్లాసు కింద పెట్టినంతసేపు కూడా లేదు. నా గొంతు లేదు. దాని చోట ఎవరో ఇంగ్లీషాయన గొంతు పెట్టారు. కానీ ముప్పై ముఖాలూ ఉన్నాయి. హాలులో ఆ కాసేపు పాప్‌కార్న్ చప్పుడు కూడా వినపడలేదు. మా షూటరు భార్య చీకట్లో అతని చేయి పట్టుకోవడం చూశాను.

బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. మునుగోడు కుర్రాడు ట్రైనింగు నుంచి సెలవు మీద వచ్చి మాతోపాటు సినిమా చూశాడు. కురచ జుట్టు, నిటారు వెన్ను. వాడు అడిగాడు.

"సార్, ఒకటి అడుగుతా. సినిమాల మంచిగనే ఉంది. నిజంగ గట్లాంటి ఆర్డర్ ఒస్తె ఏం జెయ్యాలె?"

ట్రైనింగ్ పుస్తకంలో దానికి జవాబు ఉంది. అది నాకు కంఠతా వచ్చు. పక్కనే నా బ్యాచ్‌మేటు టీ ఊదుకుంటున్నాడు.

"నన్నడగకు తమ్మీ. నేను ఆర్డర్ పాటించినోణ్ణి. పాటించనోని మీద రిపోర్ట్ రాసినోణ్ణి. గీయన్నడుగు" అన్నాను. అక్కడే నిలబడి, బిందెల సంగతి అంతా ఆ కుర్రాడికి చెప్పాను. రాయి తగిలిందని రాస్తే ఇతనికి సస్పెన్షన్ తప్పేదని, నేను రాయలేదని చెప్పాను. చెబుతున్నది కుర్రాడికే అయినా, చూపు మాత్రం టీ గ్లాసు మీదే ఉంచాను. చివరికి బ్యాచ్‌మేటు వైపు తిరిగి, "నీ పట్టీలు నేను తిన్న" అన్నాను.

అతను గ్లాసు పక్కన పెట్టాడు.

"నువ్వు రాయి తగిలిందని రాస్తవేమోనని ఆ పొద్దంత భయపడ్డ నేను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"రాయి తగిలిందని రాస్తె, విసిరిందెవరు? ఆ ఆడోళ్ళే గదా. వాళ్ళ మీద కేసు వడుతుండె. నేను ఎందుకు నిలబడ్డనో గది మట్టిల కలుస్తుండె. నువ్వు ఉన్నదున్నట్టు రాసినవ్. సస్పెన్షన్ కాగితంతోటి నీ రిపోర్ట్ కాపీ గూడ ఇచ్చిన్రు. నా తాననే ఉన్నది." తర్వాత కుర్రాడితో అన్నాడు: "సర్వీసంత ఆర్డర్ ఇన్న తమ్మీ. ఒక్కనాడు ఇనలే. దానికి ఏం వడుతదో తెల్సే ఇనలే. పడ్డది, మోసిన. నువ్వు గూడ మోసెటట్టుంటెనే చెయ్యి."

కుర్రాడు తల ఊపాడు. ఎంత అర్థమైందో తెలియదు. ఇప్పుడు వాడు ఉద్యోగంలో ఉన్నాడు. ఎప్పుడో ఒకనాడు అర్థమవుతుంది.

ఆ ఆదివారం చైతన్యపురిలో అతని ఇంటికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. హాస్టళ్ళ సందులో రెండు గదుల ఇల్లు. అతను బీరువా తెరిచి, భూమి కాగితాలతో, బిడ్డ సర్టిఫికెట్లతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఆ కాగితం తీసి ఇచ్చాడు. మడతల దగ్గర చిరిగితే అంటించి ఉంది. నా చేతిరాతే. యువకుడిగా ఉన్నప్పుడు నా అక్షరాలు ఎంత గుండ్రంగా ఉండేవో మర్చిపోయాను. "ఆర్డరు ఇచ్చినప్పటికీ సదరు కానిస్టేబుల్ లాఠీ ఎత్తకుండా స్త్రీల ముందు నిలబడి యున్నాడు." దాని కింద నా సంతకం.

అతని భార్య టీ తెచ్చింది. నా చేతిలో కాగితం చూసి ఆగిపోయింది.

"గీ కాగితం రాసిన సారు మీరేనా అన్నా?"

అవునన్నట్టు తల ఊపాను. ఏమంటుందోనని బిగుసుకుపోయి కూర్చున్నాను. ఆమె టీ కప్పు నా ముందు పెట్టి, పైట చెంగుతో చేతులు తుడుచుకుని, ఆ కాగితం నా చేతిలోంచి జాగ్రత్తగా తీసుకుని కవర్లో పెట్టింది.

"బిడ్డ పెండ్లప్పుడు వియ్యపోళ్ళకు ఇదే చూపించిన" అంది. "మా ఆయన ఎసొంటోడో ఒక్క లైనుల రాసిన్రు."